మిగిలిన మూడు అక్షరాలు

ఇది నేను ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. నాలుగేళ్లు దాటింది. ఈ బరువుతోనే పొద్దున్నే లేస్తున్నాను, స్కూలుకు వెళ్తున్నాను, పిల్లలకు కటకాల గురించి, కాంతి గురించి పాఠం చెప్పి వస్తున్నాను, అన్నం తింటున్నాను, నిద్ర కూడా పోతున్నాను. బయటికి ఏమీ తెలియదు. లోపల ఒక అబద్ధం పెట్టుకుని మనిషి ఇంత మామూలుగా బతికెయ్యగలడని నాకు ఇంతకు ముందు తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో. పేరు మాత్రం రాయను. ఆ పిరికితనం ఇంకా పోలేదు, ముందే ఒప్పుకుంటున్నాను.

అబుదాబిలో భౌతికశాస్త్రం చెప్పే టీచర్ని నేను. మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒక విల్లాలో పై వాటా మాది. 2020లో అందరం ఇళ్లలో ఇరుక్కుపోయినప్పుడు, రోడ్ల మీద బండ్లు లేక ఆకాశం ఎప్పుడూ లేనంత శుభ్రపడింది. మేడ మీద టెలిస్కోపు పెట్టి, ఫోన్లో వీడియో చూపిస్తూ, తెలిసిన తెలుగువాళ్లకు చుక్కల్ని పరిచయం చెయ్యడం మొదలుపెట్టాను. అలా ఒక వాట్సాప్ గ్రూపు తయారైంది. పదకొండు మందిమి. జెబెల్ అలీ గిడ్డంగుల్లో పనిచేసేవాళ్లు ఇద్దరు ముగ్గురు, షార్జాలో నర్సుగా చేసే సిస్టర్ కరుణ, ఇంకా అటూ ఇటూ. అందరికీ నేను 'సార్'ని. ఆ పిలుపు నాకు ఎంత ఇష్టమో అప్పుడు నాకే తెలియదు.

మస్తాన్ ఫుజైరా నుంచి చేరాడు. కడప జిల్లా మనిషి. కొండల దగ్గర క్వారీలో రాళ్లు పిండి చేసే క్రషర్ నడిపేవాడు. ఎనిమిదో తరగతితో చదువు ఆపేశాడు. ఓడలకు సామాను అమ్మే పాత కొట్లో ఒక బైనాక్యులర్ కొనుక్కున్నాడు. దాని ఒక కన్ను కొంచెం మసక. పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజు అయ్యాక, కూలీలుండే క్యాంపు వెనక కొండ పక్కకు వెళ్లి, ఊరి లైట్లు కనపడని చోట బండ మీద కూర్చునేవాడు. మేం పటం చూసి చుక్కను పట్టుకుంటాం. అతను చుక్కల్ని మనుషుల మొహాల్లా గుర్తుపెట్టుకునేవాడు. "సార్, ఆ మూలన ఉండేవాడు ఈ పొద్దు కొంచెం నీరసంగా ఉన్నాడు" అని మెసేజ్ పెట్టేవాడు. నేను పుస్తకం తీసి చూస్తే నిజమే, అది వెలుగు పెరిగి తగ్గే చుక్క. నేను అతన్ని అందరి ముందూ మెచ్చుకునేవాణ్ణి. లోపల ఎక్కడో చిన్నగా కుట్టేది. ఇరవై రెండేళ్లు పాఠాలు చెప్పిన నాకు, అంత పెద్ద టెలిస్కోపు ఉన్న నాకు, ఎందుకు కుట్టాలి? కుట్టింది. అసూయ అనే మాట రాయడానికి ఇంతసేపు పట్టింది చూడండి.

ఇప్పుడు మూట సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే నా తప్పు మీకు అర్థం కాదు.

నాలుగు వందల ఏళ్ల కింద ఐరోపాలో ఆకాశం చూసేవాళ్లకు ఒక అలవాటు ఉండేది. కొత్తదేదైనా కనిపిస్తే వెంటనే బయటపెడితే తప్పని తేలవచ్చు, నవ్వులపాలు కావచ్చు. దాచుకుంటే ఇంకెవరైనా ముందు చెప్పేసుకోవచ్చు. అందుకని చూసినదాన్ని ఒక వాక్యంగా రాసి, అందులోని అక్షరాలన్నీ కలగాపులగం చేసి, ఆ గందరగోళాన్ని మిగతావాళ్లకు ఉత్తరంగా పంపేవారు. ఎవరికీ ఏమీ అర్థం కాదు. తర్వాత రూఢి అయ్యాక అదే అక్షరాలను సరిగ్గా పేర్చి చూపిస్తే, ఫలానా రోజుకే ఇతనికి తెలుసు అని ఋజువవుతుంది. ఒక రోజు ఈ కథ గ్రూపులో చెప్పాను. అందరికీ తెగ నచ్చింది. మనమూ అలాగే చేద్దాం అన్నారు. దానికి మూట కట్టడం అని పేరు పెట్టింది మస్తానే. చూసినవాడు మూట కట్టి గ్రూపులో పడేస్తాడు. మూడు సాయంత్రాలు మళ్లీ మళ్లీ చూసి, అనుమానం తీరాక విప్పుతాడు. బయటి ప్రపంచానికి ఇంగ్లీషులో నివేదిక పంపే పని నాది. ఆ నియమాలన్నీ నేను పెట్టినవే.

2021 అక్టోబరులో ముందుగా మూట కట్టింది నేను.

ధనుస్సు రాశిలో, పటంలో లేని ఒక చుక్క నా టెలిస్కోపులో కనిపించింది. ఒళ్లు పులకరించింది. ఆ రాత్రే వాక్యం రాసి, అక్షరాలు కలిపేసి, గ్రూపులో పెట్టాను. "దక్షిణం వైపు ఒక కన్నేసి ఉంచండి" అని ఊరించాను కూడా. రెండో సాయంత్రం మళ్లీ చూస్తే విషయం తెలిసిపోయింది. టెలిస్కోపులో ఆకాశం తలకిందులుగా కనిపిస్తుంది. పటాన్ని కూడా తిప్పి పట్టుకోవాలి. అందరికీ మొదటి పాఠంలోనే చెప్పే ముక్క ఇది. నేనే తిప్పలేదు. అది ఎప్పటినుంచో ఉన్న మామూలు చుక్క. నవ్వుకుని, "పప్పులో కాలేశాను" అని ఒక్క మెసేజ్ పెడితే అయిపోయేది. అందరూ నవ్వేవాళ్లు, నేనూ నవ్వేవాణ్ణి. పెట్టలేదు. సార్ తప్పు చేస్తాడా? "ఎప్పుడు విప్పుతారు సార్?" అని రోజూ అడుగుతుంటే, "ఇంకా చూస్తున్నాను" అంటూ పది రోజులు గడిపాను.

పదకొండో రోజు మస్తాన్ మూట పడింది.

నియమం ప్రకారం మూడు సాయంత్రాలు చూశాడు. గురువారం మగ్రిబ్ దాటాక విప్పాడు. ధనుస్సులో, ఇంతవరకూ ఏమీ లేని చోట, కొత్త చుక్క. మూడు రోజుల బొమ్మలు పెన్సిలుతో గీసి ఫోటోలు పెట్టాడు. పక్క చుక్కలతో పోల్చి వెలుగు ఎంతో రాశాడు. పటాలన్నీ తిరగేశాను, ఈసారి సరిగ్గా పట్టుకునే. అక్కడ ఏమీ లేదు. ఎవరూ ఇంకా ప్రకటించలేదు. ఎప్పుడో చల్లారిన చుక్క ఒకటి ఉన్నట్టుండి మళ్లీ భగ్గుమనడం అది. ఫుజైరా కొండ పక్కన, ఒక కన్ను మసకేసిన బైనాక్యులర్‌తో, క్రషర్ నడిపే మనిషి ప్రపంచంలో అందరికంటే ముందు చూశాడు.

గ్రూపు ఊగిపోయింది. అంతలో సిస్టర్ కరుణ అడిగింది. "సార్, మీరూ దక్షిణం వైపే చూడమన్నారు కదా. మీ మూట కూడా ఇదేనా?"

ఆమె మామూలుగానే అడిగింది. ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. కాదు అని కొట్టడానికి ఎంతసేపు? ఆ ప్రశ్నలో నాకు ఒక దారి కనపడింది. రెండు వారాలుగా మోస్తున్న ఆ వెధవ మూటకు మర్యాదగా ఒక ముగింపు. నాది ముందు కట్టిన మూట. అందులో ఏముందో నాకు తప్ప ఎవరికీ తెలియదు. నేను ఆలోచించి చేశానా, ఆలోచించకుండా చేశానా? ఇన్నేళ్లుగా ఈ ప్రశ్న వేసుకుంటున్నాను. 'నోరు జారింది' అని సర్దిచెప్పుకోవాలని చాలాసార్లు చూశాను. కానీ నోరు జారడానికి ఒక్క క్షణం చాలు, నేను ఫోన్ పట్టుకుని కనీసం అయిదు నిమిషాలు కూర్చున్నాను.

"అవును" అని రాశాను.

"రేపు విప్పుతాను" అని కూడా రాశాను. ఎందుకంటే విప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. మర్నాడు శుక్రవారం. ఇంట్లోవాళ్లు బజారుకు వెళ్లారు. కార్న్‌ఫ్లేక్స్ డబ్బా అట్టను చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి, నా మూటలోని అక్షరాలు ఒక్కోటి ఒక్కో ముక్క మీద రాసి, డైనింగ్ టేబుల్ మీద పరిచాను. అదృష్టం అనాలా, దరిద్రం అనాలా, నా పాత వాక్యంలో కూడా ధనుస్సు ఉంది. ఆ మాటను అలాగే ఉంచి, మిగతా అక్షరాలతో కుస్తీ పట్టాను. మస్తాన్ చుక్క ఏ వైపు ఉందో ఆ మాట వచ్చేలా జరిపాను, తీశాను, మళ్లీ జరిపాను. మూడు గంటలు పట్టింది. ఏ అక్షరాలనైనా ఓపికుంటే ఎలాగైనా పేర్చవచ్చని ఆ రోజు తెలుసుకున్నాను. చివరికి ఒక వాక్యం కుదిరింది. కొంచెం కృతకంగా ఉంది, కానీ కుదిరింది. మూడు అక్షరాలు మాత్రం ఎక్కడా ఇమడలేదు.

గ్రూపులో పెట్టాను. చప్పట్లు, దండాలు. సిస్టర్ కరుణ ఒక్కతే లెక్కపెట్టింది. "సార్, మూడు మిగిలాయి" అని రాసింది. "అవి నా సంతకం" అన్నాను. "ఓకే సార్" అంది. అంతే. కొన్ని నెలలకు ఏమీ చెప్పకుండా గ్రూపు నుంచి వెళ్లిపోయింది. డ్యూటీలు ఎక్కువై ఉంటాయని నాకు నేను చెప్పుకున్నాను.

ఆ సాయంత్రమే నివేదిక పంపాను. చుక్క ఉన్న చోటు, వెలుగు, తేదీలు, అన్నీ మస్తాన్ నోటుపుస్తకంలోవే. మొదట చూసినవారు అన్న చోట నా పేరు రాశాను. రెండో పేరు రాయడానికి ఖాళీ ఉంది. అది కూడా రాయలేదు. రెండో పేరుంటే ఎవరైనా అతన్ని అడుగుతారు, అతను తన తేదీలు చెబుతాడు, నా తేదీలన్నీ అతనివేనని బయటపడుతుంది. ఇంత తెలివిగా ఆలోచించాను. ఇప్పటికీ ఆ పేజీ ఇంటర్నెట్‌లో ఉంది. దాన్ని ప్రింటు తీసి, ఫ్రేము కట్టించి, మా స్కూలు లాబ్‌లో గోడకు తగిలించారు. నేను రోజూ దాని కిందే నిలబడి పాఠం చెబుతాను.

తర్వాతి శుక్రవారం మస్తాన్ మా ఇంటికి వచ్చాడు. ఫుజైరా నుంచి బస్సులు మారి, మధ్యలో జుమ్మా నమాజు చేసుకుని, మధ్యాహ్నం మూడింటికి బెల్లు కొట్టాడు. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. మాస్కు పైన కళ్లు ఎర్రగా ఉన్నాయి, రాతిదుమ్ముకు అతని కళ్లు ఎప్పుడూ అలాగే ఉండేవి. చేతిలో రెండు సంచులు. ఒకదాంట్లో మంచుముక్కల మధ్య చేపలు. రెండో సంచిలోంచి ఒక శాలువా తీశాడు. చలికాలంలో పఠాన్లు కప్పుకునే ముదురు గోధుమరంగు ఉన్ని శాలువా. సన్మానాల శాలువాలు ఫుజైరాలో ఎక్కడ దొరుకుతాయి? దొరికినదాన్ని తెచ్చాడు. నన్ను హాల్లో కుర్చీలో కూర్చోబెట్టి, రెండు చేతులతో నా భుజాల మీద కప్పాడు. నా భార్య ఫోటో తీసింది.

కాసేపు టీ తాగాక నెమ్మదిగా అన్నాడు.

"సార్, ఒక్క మాట అడగల్ల. ఏమనుకోవద్దండి."

తెలిసిపోయిందనుకున్నాను. "అడుగు మస్తాన్ భాయ్" అన్నాను.

"మీరు చూసిన పొద్దు అది ఎట్ల ఉండె సార్? నేను చూసేటప్పటికి బాగా వెలుగొచ్చేసినాది. అంతకుముందు ఎట్ల ఉండెనో తెలుసుకోవాలని. అంతే."

అతని మొహంలో అనుమానం ఇసుమంత కూడా లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. తాను చూడలేకపోయిన ఆ పది రోజులు నా నోటి నుంచి వినాలనుకున్నాడు.

"చాలా సన్నగా," అన్నాను. "ఉందా లేదా అన్నట్టు. కళ్లార్పితే పోతుందేమో అనిపించింది."

అతను కళ్లు మూసుకున్నాడు. చూస్తున్నాడు. నేను అల్లిన ఆ చుక్కను కళ్లు మూసుకుని చూస్తున్నాడు.

"మాషా అల్లా," అన్నాడు. "పుట్టేటప్పుడు చూసినారు సార్ మీరు. మీకే రావల్ల అది."

తర్వాత కొంచెం నవ్వుతూ, "నేనే తొందరపడితి సార్. మొదటి పొద్దే మా పాపకు ఫోన్ చేసి చెప్పేసినా. ఎవురూ చూడంది మీ అబ్బా చూసినాడు అని. అది బడి మొత్తం చెప్పేసినాది. మళ్ల ఇప్పుడు కాదులేమ్మా, సార్ ముందు చూసినారు అంటే, పోబ్బా, నువ్వన్నీ కోతలే అనె. చిన్నపిల్ల. ఏం కాదు లెండి. ఖలాస్" అన్నాడు.

అప్పుడు చెప్పి ఉండొచ్చు. శాలువా తీసి అతని మీద కప్పి ఉండొచ్చు. నా నోరు తెరుచుకుంది కూడా. కానీ నా భార్య అక్కడే ఉంది, ఆమె కళ్లలో నా మీద అంత గర్వం నేను ఎప్పుడూ చూడలేదు. ఇంకో టీ తాగుతావా అని అడిగాను. వద్దు సార్, బస్సు పోతుంది అన్నాడు.

ఆ తర్వాత అతను ఆకాశం చూడటం తగ్గించేశాడు. మానేశాడని చాలా రోజులకు తెలిసింది. "కన్ను సరిగ్గా ఆనడం లేదు సార్, నేను చూసేసరికే అన్నీ ఎవురో ఒకరు చూసేస్తా ఉన్నారు" అని ఒకసారి నవ్వు బొమ్మ పెట్టి రాశాడు. అంతకంటే చురుకైన కన్ను నేను చూడలేదు. ఆ కన్ను మీద అతనికే నమ్మకం పోగొట్టాను. చుక్కను దొంగిలించడం కంటే ఇది పెద్ద తప్పని నాకు అనిపిస్తుంది. దానికి ఏ పేజీలోనూ దిద్దుబాటు ఉండదు. 2023లో పని వదిలి ఇంటికి వెళ్లిపోయాడు. మరుసటి ఏడు ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. గ్రూపులో ఎవరో పెట్టారు. నేను రెండు వాక్యాల సంతాపం రాశాను. ఏడ్చాను కూడా, కానీ నాకు ఏడ్చే హక్కు ఉందా అని అడుగుతూ ఏడ్చాను.

అతను పోయినప్పుడు, చెబితే నమ్మండి, దుఃఖం కింద ఒక పక్కన హాయిగా అనిపించింది. ఇక అడిగేవాళ్లు లేరు. అలాంటివాణ్ణి నేను.

పోయిన నెల ఒక తెలియని నెంబరు నుంచి మెసేజ్ వచ్చింది. మస్తాన్ కూతురు నస్రీన్. ఇప్పుడు డిగ్రీ చదువుతోందట, భౌతికశాస్త్రమే తీసుకుందట. కాలేజీలో సైన్స్ గురించి మాట్లాడే పోటీ ఉంది, అందులో వాళ్ల అబ్బా గురించి చెప్పాలనుకుంటోంది. "సార్, చిన్నప్పుడు మా అబ్బా కోతలు కోస్తున్నాడని ఎగతాళి చేశాను. ఇప్పుడు ఆయన నోటుపుస్తకం చూశాను. బొమ్మలన్నీ నిజమే. మీరు మొదట చూశారని తెలుసు. మా అబ్బా రెండోవాడు అని చెప్పుకోవచ్చా? మీరు ఒప్పుకుంటేనే చెబుతాను."

ఒకసారి కాదు, చాలాసార్లు చదివాను. రెండోవాడు అని చెప్పుకోవడానికి నన్ను అనుమతి అడుగుతోంది. తండ్రిలాగే. ఏ అనుమానమూ లేకుండా.

నేనేం చేశానో వినండి. "తప్పకుండా చెప్పమ్మా. మీ నాన్నగారు చాలా గొప్ప పరిశీలకుడు" అని రాసి పంపాను. పెద్దమనసు చేసుకుని రెండో స్థానం ఇచ్చాను. ఆ పిల్ల దండం పెట్టి, "థ్యాంక్యూ సార్, మీరు చాలా మంచివారు" అని రాసింది. ఆ 'మంచివారు' అన్న మాటతోనే నా ఓపిక అయిపోయింది. 2021లో అయితే పరువు కోసం అనుకుందాం. ఇప్పుడేమిటి? మనిషి పోయాడు. పోటీలో నిలబడి ఒక ఆడపిల్ల చెప్పే నాలుగు మాటలు. అది కూడా పూర్తిగా ఇవ్వలేకపోయాను. అంటే అప్పుడు చేసింది పొరపాటు కాదు. నా గుణమే అది.

నస్రీన్‌కు నిజం రాస్తానా? రాస్తానని మీకు మాట ఇవ్వలేను. నా మాట మీద నాకే నమ్మకం లేదు. రాసి, చెరిపేసి, మళ్లీ రాసి, ఇప్పటికి ఆరుసార్లు అయింది. క్షమించమని అడగడానికి అడగాల్సిన మనిషి లేడు. ఆ పిల్లను అడగడం అంటే ఇంకో బరువు ఆమె నెత్తిన పెట్టడమే.

ఇంకొకటి ఉంది. ఇంతసేపూ అది చెప్పకుండా వచ్చాను. మీరు కూడా నేను రెండోవాణ్ణనో మూడోవాణ్ణనో అనుకుని ఉంటారు. మస్తాన్ చోటు చెప్పాక నేనూ టెలిస్కోపు తిప్పి చూసి ఉంటానని అనుకుని ఉంటారు. తిప్పాను. ఆ గురువారం, శుక్రవారం, ఆ వారమంతా మేడ ఎక్కాను. ముసఫ్ఫా ఫ్యాక్టరీల లైట్లు, గాలిలో దుమ్ము, అటువైపు ఆకాశమంతా ఎర్రగా అలుక్కుపోయింది. దుమ్ము తగ్గేసరికి చుక్క తగ్గిపోయింది. ఆ నివేదికలో ఉన్న ప్రతి అంకె మస్తాన్ కంటితో చూసినదే. నేను ఆ చుక్కను చూడలేదు. ఒక్క సాయంత్రం కూడా, ఒక్కసారి కూడా.

ఈ వాక్యం రాశాక ఊపిరి కొంచెం లోతుగా ఆడుతోంది, ఎన్నాళ్ల తర్వాతో.